గోల్కొండలో వజ్రాల గని లేదు

మా మేనకోడలికి పదేళ్లు. సెలవులకి విజయవాడ నుంచి వస్తే గోల్కొండ చూపిద్దామని తీసుకెళ్లాను. బాలాహిసార్ దర్వాజా దాటి గుమ్మటం కింద నిలబడ్డామో లేదో, "మావయ్యా, వజ్రాలు ఎక్కడ తవ్వేవాళ్లు?" అని అడిగింది. పక్కన ఇంకెవరికో కోట చూపిస్తున్న గైడు మా వైపు తిరిగి, "ఈ గుట్ట కిందనే పాపా" అన్నాడు. అంతమంది ముందు ఆయన మాట కాదనబుద్ధి కాలేదు. కానీ కొండ దిగి వచ్చేదాకా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. గోల్కొండ గురించి మనం పిల్లలకి చెప్పే కథల్లో సగం ఇలాంటివే. అసలు సంగతులు వాటికంటే ఎంతో గొప్పవి. అవి మరుగున పడిపోతున్నాయన్నదే నా బాధ.

అపోహ: గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరికాయి.

కోట ఉన్న కొండ గట్టి నల్లరాయి. ఆ రాతిలో వజ్రం పుట్టదు. భూమి లోతుల్లో తయారైన వజ్రాలు కింబర్లైట్ లాంటి ప్రత్యేకమైన రాళ్లతో పైకి వస్తాయి. ఆ రాళ్లు అరిగిపోయాక వజ్రాలు వానలకీ వరదలకీ కొట్టుకుపోయి నదుల ఒడ్డున గులకరాళ్ల పొరల్లో చేరతాయి. గోల్కొండ సుల్తానుల ఖజానాకి చేరిన వజ్రాల్లో పేరుమోసినవి కృష్ణ ఒడ్డువి. కొల్లూరు, పరిటాల, ఇంకా అటువంటి ఊళ్లు. పరిటాల అనగానే మా మేనకోడలు "హైవే మీద పెద్ద ఆంజనేయస్వామి ఉన్న ఊరా?" అంది. అవును, అదే. వజ్రాలు ఎక్కడ తవ్వేవాళ్లని అది నన్ను అడిగింది గానీ, పొద్దున బస్సులో ఆ ఊరు దాటే వచ్చింది.

17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు వెళ్లి చూశాడు. గోల్కొండ నుంచి అది ఏడు రోజుల ప్రయాణమని రాసుకున్నాడు. అక్కడ ఆడా మగా పిల్లా కలిసి 60,000 మంది దాకా పనిచేస్తున్నారన్నది ఆయన వేసిన లెక్క. మగవాళ్లు తవ్వుతారు. ఆడవాళ్లూ పిల్లలూ ఆ మట్టిని మోసుకెళ్లి, గోడ కట్టిన మడిలో పోస్తారు. దానిమీద నీళ్లు పోసి నానబెట్టి, బురదనీళ్లు వదిలేసి, మిగిలింది ఎండబెడతారు. ఎండాక చేటల్లో పోసి, కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినట్టే చెరుగుతారు. దుమ్ము ఎగిరిపోగా మిగిలిన గులకలో చేత్తో తడిమి రాయి వెతుకుతారు. కిరీటాల్లో పొదిగిన వజ్రం వెనక మన పల్లెల ఆడవాళ్ల చేటలున్నాయి. ఈ సంగతి కోటలో ఎవరూ చెప్పరు.

మరి గోల్కొండ పేరెందుకు వచ్చింది? రాజ్యం దానిది, బజారు దానిది. వజ్రాల కొనుగోలూ అమ్మకమూ, సాన పట్టే పనీ కోట బయట కార్వాన్‌లో జరిగేవి. పరదేశి వర్తకుడు సరుకు కొన్న ఊరి పేరే చెప్పుకున్నాడు, తవ్విన ఊరి పేరు చెప్పలేదు. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రమంటే ప్రధానంగా మన దేశానిదే. అందుకే గోల్కొండ అన్న మాట ఇంగ్లీషులో తరగని సంపదకి మారుపేరైంది. కోహినూరు కొల్లూరుదేనని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. అయ్యుండొచ్చు. కానీ ఆ పేరుతో ఆ వజ్రం ప్రస్తావన కనిపించేది 1739లో నాదిర్‌షా ఢిల్లీని దోచుకున్న తర్వాతి రాతల్లోనే. అంతకు ముందు కథ చాలావరకు ఊహ. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

అపోహ: ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండపైన వినిపిస్తుంది.

పుస్తకాల్లో కూడా ఇలాగే అచ్చవుతోంది. ఫతే దర్వాజా బయటి ప్రాకారానికి ఉన్న ఎనిమిది ద్వారాల్లో ఒకటి. ఇప్పటికీ దాని కిందుగా ఆటోలూ స్కూటర్లూ పోతూనే ఉంటాయి. గైడ్లు చప్పట్లు కొట్టి చూపించేది అక్కడ కాదు, లోపలి కోటకి ద్వారమైన బాలాహిసార్ దర్వాజా గుమ్మటం కింద. అక్కడైనా ఎక్కడ పడితే అక్కడ నిలబడి కొడితే కుదరదు. గైడు మా పాప భుజాలు పట్టి రెండడుగులు జరిపి, "ఇగో, ఇక్కడ నిలబడి కొట్టాలె" అన్నది అందుకే. చప్పట్ల చప్పుడు పొట్టిది, పదునైనది. గుమ్మటం లోపలి మడతలు దాన్ని చెదిరిపోనీకుండా పోగుచేసి పైకి పంపుతాయి. కొండ పైన ఉన్న బారాదరి మంటపానికీ కింద దర్వాజాకీ మధ్య అడ్డం లేదు. మంత్రమేమీ లేదిందులో. సున్నంతో, గచ్చుతో, చేతి పనితనంతో ఆ వంపుల్ని తీర్చిన మేస్త్రీలున్నారు.

నన్నడిగితే చప్పట్ల కంటే పెద్ద అద్భుతం నీళ్లు. మూడొందల పైచిలుకు మెట్లెక్కితే గానీ బారాదరి రాదు. మనం వాటర్ బాటిల్ పట్టుకుని ఆయాసపడుతూ ఎక్కే ఆ కొండ మీద నవాబులూ సిపాయిలూ బేగములూ రోజూ నీళ్లు వాడుకున్నారు. ఆ నీళ్లు దుర్గం చెరువు నుంచి మట్టిగొట్టాల్లో వచ్చేవి. కోటలోకి చేరాక ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి, దాంట్లోంచి ఇంకా పై తొట్టిలోకి, కుండలు కట్టిన చక్రాలు తిప్పి అంచెలంచెలుగా తోడేవాళ్లు. ఎక్కేటప్పుడు గోడలు పెచ్చులూడిన చోట కాస్త ఆగండి. సున్నపు గచ్చు మధ్యలో ఎర్రటి గొట్టం నోరు కనిపిస్తుంది. కాల్చిన మట్టి, కుమ్మరి చేసింది. మా పాప అందులో వేలు పెట్టి, "లోపల నున్నగా ఉంది మావయ్యా" అంది. చక్రం మీద తిరిగిన మట్టి కదా, నున్నగానే ఉంటుంది.

అపోహ: కోట నుంచి చార్మినారుకి సొరంగం ఉంది.

దాదాపు ఎనిమిది కిలోమీటర్ల దూరం, కింద నల్లరాయి, మధ్యలో మూసీ. నది కింద నుంచి సొరంగం తవ్వగలిగినవాళ్లు నది మీద వంతెన ఎందుకు కట్టినట్టు? ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించిన పురానాపూల్ ఉన్నది కోట నుంచి మూసీ దాటడానికే. ఆ వంతెనకీ ఒక ప్రేమకథ తగిలించారు. భాగమతి కోసం నది ఈదిన కుర్ర రాజకుమారుడి కష్టం చూడలేక తండ్రి కట్టించాడట! 1578 నాటికి ఆ రాజకుమారుడు మహమ్మద్ కులీకి పదమూడేళ్లు మించవు. ఇక 1685లో మొగలు సైన్యం హైదరాబాదు మీదికి వచ్చినప్పుడు అబుల్ హసన్ తానీషా రాత్రికి రాత్రి నగరం వదిలి గోల్కొండకి పరుగెత్తాడు. అది తెలిసి జనం కూడా ఏది చేతికందితే అది పట్టుకుని వెంటపడ్డారు. రహస్య దారే ఉంటే రాజు అలా నలుగురి కంటా పడి పోయేవాడు కాదు.

అపోహ: కోట మొత్తం కాకతీయులది, కాదు, మొత్తం కుతుబ్‌షాహీలది.

ఈ రెండు మాటల మీదా గొడవపడేవాళ్లని చూశాను. ఇద్దరూ సగం చెబుతారు. కాకతీయుల కాలంలో ఇక్కడున్నది మట్టికోట. గొల్లకొండ అన్న తెలుగు పేరే ఇప్పటికీ నిలిచింది. కాకతీయుల తర్వాత, 1360లలో, ముసునూరి కాపయ నాయకుడి చేతిలోంచి అది బహమనీలకి పోయింది. రాతిగోడలూ, బురుజులూ, ఇవాళ మనం చూసే రూపమూ ఎక్కువగా 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు ఇచ్చింది. 1656లో ఔరంగజేబు, అప్పటికింకా రాజకుమారుడు, ముట్టడి వేసి వెళ్లాక అబ్దుల్లా కుతుబ్‌షా ఈశాన్యం వైపు నయాఖిలా కలుపుకున్నాడు. ఒక్కరు కట్టిన కోట కాదిది.

ఆ కుతుబ్‌షాహీల్లో మొదటివాడైన సుల్తాన్ కులీ 1518లో స్వతంత్రుడినని ప్రకటించుకున్నాడని బడిలో చదువుకున్నాం. బాలాహిసార్ దగ్గరి జామీ మసీదు శాసనం సరిగ్గా ఆ ఏటిదే. అందులో ఏలికగా ఉన్న పేరు మహమూద్‌షా బహమనీది! పాత యజమాని పేరు చెరపకుండానే కులీ రాజ్యం నడిపాడు. 1543లో ఆ మసీదులోనే, నమాజులో ఉండగా, కొడుకు జంషీద్ పురిగొల్పిన హంతకుడి చేతిలో చనిపోయాడు.

ఆ జంషీద్‌కి భయపడి తమ్ముడు ఇబ్రహీం విజయనగరం పారిపోయి, అళియ రామరాయల నీడలో ఏడేళ్లు పెరిగాడు. తెలుగు రుచి అక్కడ తగిలింది. 1550లో గద్దెనెక్కాక తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం. పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో రాసిన యయాతి చరిత్ర ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కి అంకితం. ఫర్మానాలు ఫార్సీతోపాటు తెలుగులోనూ వెలువడేవి. అదే ఇబ్రహీం 1565లో తళ్లికోట యుద్ధంలో తనకి అన్నం పెట్టిన రామరాయల మీదికి దండెత్తినవాళ్లలో ఉన్నాడు. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఆ మనిషి మనకి అర్థం కాడు.

అపోహ: మంత్రుల ద్రోహం వల్ల గోల్కొండ పడిపోయింది.

తానీషా మంత్రులు అక్కన్న మాదన్నల మీద ఈ నింద మూడొందల ఏళ్లుగా నడుస్తోంది. రామదాసు కథ వల్ల తెలుగువాళ్లకి ఆ పేర్లు బాగా తెలుసు. భద్రాచలం గుడి కట్టించిన ఆ రామదాసుకి, అంటే కంచర్ల గోపన్నకి, వాళ్లు మేనమామలు. నిజానికి ఆ అన్నదమ్ములిద్దర్నీ 1686 మార్చిలో గోల్కొండ వీధిలో నరికి చంపారు. కోట పడింది 1687 సెప్టెంబరులో. ఏడాదిన్నర ముందే పోయినవాళ్లు తలుపెలా తీస్తారు?

ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేశాడు. గోడల కింద మందుపాతరలు పెట్టిస్తే అవి మొగలు సైన్యం మీదే పేలాయి. బయట వానలు, కరువు, రోగాలు. కోట లొంగలేదు. చివరికి అబ్దుల్లాఖాన్ పన్నీ అనే అఫ్ఘాన్ సర్దారు డబ్బుకి లొంగి ఒక రాత్రి చిన్న ద్వారం తెరిచాడు. అప్పుడు జీను కూడా లేని గుర్రమెక్కి పదిమందితో ఎదురెళ్లినవాడు అబ్దుర్ రజాక్ లారీ. పారశీకం నుంచి వచ్చినవాడు. ఔరంగజేబు చూపిన ఆశల్ని అప్పటికే కాలదన్నాడు. తెల్లారాక స్పృహలేకుండా దొరికినప్పుడు ఒంటిమీద డెబ్బై దాకా గాయాలున్నాయని మొగలుల పక్షాన ఉన్న ఖాఫీఖానే రాశాడు. శత్రువు చరిత్రకారుడు తలవంచి రాసిన ఆ మనిషి పేరు మన పిల్లల పాఠాల్లో లేదు. ఉండాలి.

తానీషాని దౌలతాబాద్ కోటలో ఖైదు చేశారు. ఆయన మళ్లీ గోల్కొండ చూడలేదు.

ఈసారి మీరు వెళ్తే చప్పట్లు కొట్టేముందు బాలాహిసార్ దర్వాజా బయటే ఒక్క నిమిషం ఆగి తలెత్తండి. తలుపు పైన గచ్చులో పురివిప్పిన నెమళ్లు, వాటి కింద రాతి దూలం మీద యాళులు ఉన్నాయి. మన గుడి గోపురాల మీద చూసే యాళులే. పిల్లలకి అవి చూపించండి. గోడల మీద పేర్లు గీకేవాళ్లు కనిపిస్తే వద్దని చెప్పండి. ఆ గచ్చు ఊడితే మళ్లీ రాదు.