జైసల్మేరున బస ఎక్కడ?

చలికాలము సమీపించునప్పటికి మాకు వచ్చు ఉత్తరములలో యాత్రలను గూర్చిన ప్రశ్నలు హెచ్చగును. అట్లు వచ్చినవానిలో ఒకటి మమ్ము కొంత ఆలోచింపజేసినది. "జైసల్మేరు పోవలెనని సంకల్పించినాము. ఇంటిల్లిపాది ఐదుగురము. మా అమ్మగారికి డెబ్బది యేండ్లు దాటినవి. కోటలోనే దిగుమని కొందరు, క్రింద ఊరిలో దిగుమని కొందరు, ఇసుకతిన్నెలమీద డేరాలలో ఉండుమని కొందరు చెప్పుచున్నారు. ఏది మేలు?" అని ఒక గృహస్థు వ్రాసినారు. ప్రశ్న చిన్నది. సమాధానము చెప్పబోగా అది పెరిగి పెద్దదైనది. అందుచేత ఉత్తరమునకు బదులు ఈ ప్రసంగమునే వ్రాయవలసి వచ్చినది.

జైసల్మేరు రాజస్థానమునకు పడమటి కొసను, థార్ ఎడారిలో నున్నది. జోధ్‌పూరునుండి రైలులో ఐదారు గంటల ప్రయాణము. 1156లో రావల్ జైసల్ అను భట్టి రాజపుత్రుడు త్రికూటమను కొండపై కోట కట్టించి, తన పేరిట ఊరు నెలకొల్పెను. కొండ యెత్తు సుమారు 250 అడుగులు. కోట చుట్టును 99 బురుజులు. అందులో 92 బురుజులు 1633, 1647 సంవత్సరముల నడుమ కట్టినవి. రాయి పసుపు వన్నెది. మధ్యాహ్నపు టెండలో వెలవెలబోవును గాని, ప్రొద్దు గ్రుంకు వేళ మేలిమి బంగారువలె వెలుగును. సత్యజిత్ రాయ్ 1974లో 'సోనార్ కెల్లా' యను చలనచిత్రమును ఇక్కడ తీసిన పిమ్మట వంగదేశపు యాత్రికులకు ఇది పుణ్యక్షేత్రము వంటిదైనది.

ఈ కోటకు గల విశేషము, దానిలో జనము కాపురముండుట. మన గోలకొండలోనూ వెలుపలి ప్రాకారము లోపల బస్తీలున్నవి. కాని బాలాహిసారు తలుపులు సాయంకాలము మూసినారన్న అటుపైని రాజ్యము గబ్బిలములది. జైసల్మేరు అట్లు కాదు. నాలుగు ద్వారములు దాటి, మెలికలు తిరిగిన రాతి బాటను పైకెక్కినచో, అక్కడ ఒక నిండు గ్రామమే కనబడును. రాజభవనము, లక్ష్మీనాథుని గుడి, మధ్యయుగపు జైన మందిరములు, వాని నడుమ తరతరములుగా నివసించు వేలకొలది జనుల యిండ్లు. ఆ యిండ్లలో అనేకము నేడు యాత్రికులకు గదు లిచ్చు బసలైనవి. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

మేము మొదటిమారు పోయినప్పుడు కోటలోనే దిగితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ రెండు రాత్రులు మరువరానివి. రాతి జాలకపు గవాక్షమున కూర్చుండి చూచినచో క్రింద ఊరంతయు మిద్దెలపై మిద్దెలుగా పరచుకొని యుండును. దాని కావల కనుచూపు మేర బీడు. వేకువను గుడి గంట మేల్కొల్పెను. సందులు ఎంత ఇరుకనగా, ఎదురుగా ఆవు వచ్చినచో మనమే ఎవరి గడపనో యెక్కి దానికి దారి యీయవలెను. గదిలో పంపు త్రిప్పగా నీరు ధారాళముగా పడుచుండెను. ధూళిలో తిరిగి వచ్చినవారము కదా, దినమునకు రెండేసి స్నానములు చేసితిమి, బట్టలును ఉతికించుకొంటిమి. "ఎడారి యనిరి గాని నీటి కేమి లోటు!" అని మాలో మేము అనుకొంటిమి కూడను.

మరునాడు దిగి వచ్చుచుండగా గోడ అడుగున ఒక తడి చార కంటబడినది. వాన చినుకెరుగని మాసము. రాయి పొరలు పొరలుగా పొట్టు లేచి, చేతితో తాకగా పిండివలె రాలినది. సాయంకాలము మా బస యజమానిని, "అంత పొడి ఊరిలో ఆ తడి యేమి?" అని అడిగితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, "అది మీరు పోసికొన్న నీరే, సాహెబ్" అనెను. తన తాతల కాలమున పీటపై కూర్చుండి స్నానము చేసి, క్రింద పళ్ళెములో పడిన నీటిని మేకలకు పోసెడివారట. "గదులు అద్దె కీయకున్న మాకు పొట్ట గడవదు, ఇచ్చినచో ఇల్లు నిలువదు. మమ్మేమి చేయమందురు?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోయినది.

ఊరికి తిరిగి వచ్చిన పిమ్మట ఆ విషయమును గూర్చి చదివితిమి. త్రికూటము ఏకశిల కాదు. ఇసుకరాతి పొరల నడుమ మెత్తని బంకమన్ను, పెళుసైన పలకరాయి పొరలు గలవు. ఎండి యున్నంతకాలము ఆ మన్ను రాతితో సమానము. తడిసినచో ఉబ్బును, బిగువు సడలి జారును. నల్లరేగడి నేలలో ఇల్లు కట్టి గోడలు బీటలువారగా చూచిన మనవారికి ఈ సంగతి విడమరచి చెప్ప నక్కరలేదు. కోటకు మూడు వరుసల గోడలున్నవి. అన్నిటికంటె వెలుపలి గోడ శత్రువును ఆపుటకే గాక, వదులుగా నున్న కొండ వాలును జారిపోకుండ పట్టి యుంచుటకును కట్టినది. కొండ తడిసి ఉబ్బినచో ఆ బరువంతయు ఈ గోడపై పడును.

కట్టినవా రీ సంగతి యెరుగక కాదు. ఆ సీమలో ఏటి వాన సామాన్యముగా 200 మిల్లీమీటర్లకు లోపు. ఊరికి జీవాధారము కోటకు ఆగ్నేయమున నున్న గడీసర్ చెరువు. పదునాలుగవ శతాబ్దమున రావల్ గడ్సీ దానిని బాగుచేయించెనని చెప్పుదురు. స్త్రీలు తలపై కుండలతో ఆ నీటిని కొండపైకి మోసికొని పోయెడివారు. అంత దూరము మోసి తెచ్చిన నీటిని ఎవ్వరును ఒలుకబోయరు కదా! కోటలోని కాలువలు ఆ కొద్దిపాటి నీటికిని, ఎప్పుడో పడు వాననీటికిని సరిపోవునట్లు కట్టినవి. ఇరువదవ శతాబ్దమున గొట్టపు నీరు వచ్చినది. సట్లెజ్, బియాస్ నదులు కలియు హరికే ఆనకట్టనుండి 649 కిలోమీటర్ల పొడవున త్రవ్విన కాలువ, 1958లో పని మొదలిడి, 1986 చివరకు జైసల్మేరు జిల్లా చేరినది. మొదట రాజస్థాన్ కాలువ యనుచుండిరి. 1984లో ఇందిరాగాంధీ పేరు పెట్టిరి. ఎడారి ప్రజలకు అది భాగీరథియే. దాని నెవరు తప్పుపట్టగలరు? కాని పైకి వచ్చిన నీరు తిరిగి క్రిందికి పోవు దారి మాత్రము పాతదిగానే యుండి, యాత్రికుల స్నానపుగదులు ఏటేట పెరిగినవి. మురుగు గొట్టములు వేసిరి; అవి కారిన చోట్ల నీరు నేరుగా కొండ కడుపులోనికి పోయినది.

కొన్ని బురుజులు కూలినవి. రాణివాసపు భవనములో ఒక భాగము పడిపోగా, దానిని తిరిగి నిలబెట్టిరి. 1996లో ప్రపంచమున ప్రమాదస్థితిలో నున్న నూరు చారిత్రక స్థలముల పట్టికలో ఈ కోట పేరు చేరినది; 1998, 2000 పట్టికలలోను నిలిచినది. 2013లో రాజస్థానపు మరి యైదు కోటలతో పాటు యునెస్కో వారసత్వ స్థలమైనది. ఆ గౌరవము కొండను ఆరబెట్టజాలదు. 2024 ఆగస్టు వానలకు గోడలో కొంత భాగము విరిగి క్రింది బాటపై పడినది.

కావున మొదటి మాట చెప్పుచున్నాము: కోటలో బస చేయవద్దు. పగలెల్ల కోటలో తిరుగుడు. అక్కడి వారినే దారి చూపుటకు కుదుర్చుకొనుడు. కొనదలచిన వస్తువులను వారి యంగళ్ళలోనే కొనుడు. బసల కూలి లేకున్నను వారి పొయ్యి రగులవలెను. వారిని ఖాళీ చేయించి కోటను ప్రదర్శనశాలగా మార్చవలె ననువారును కొందరున్నారు. మాకది సమ్మతము కాదు. ఎనిమిది వందల యేండ్లు కోటను కాచినవారు దాని వలన బ్రతుకుట తప్పు కాదు. యాత్రికుని స్నానమును, వాని బట్టల ఉతుకును కొండ దిగువకు తెచ్చుటయే మన వంతు.

ఇక దిగువ ఎక్కడ? కోటలో నున్నవానికి కోట కనబడదు. ఇది చాలమంది తలపోయని సంగతి. క్రింది వీథులలో ఏ మిద్దె యెక్కినను అది కన్నుల యెదుటనే. రెండవమారు పోయినప్పుడు మేము కోటగోడకు దిగువనున్న ఢిబ్బాపాడా యను పేటలో దిగితిమి. అవి వెనుకటి గృహస్థుల యిండ్లు. మూడేసి అంతస్తులు, పైన మిద్దె. ఆ మిద్దెమీదనే భోజనము. రాత్రి దీపముల వెలుగులో బురుజులన్నియు తలపై వంగి మనల నెవరని అడుగుచున్నట్లుండును. గది కోటలోని గదికంటె విశాలము, వెలయు సరసము.

కోట ద్వారమునకు ఎదురుగా నున్నది మానెక్ చౌక్. అక్కడినుండి ఉత్తరముగా పాతబజారు సందులలో నడచినచో పట్వా హవేలీలు వచ్చును. జరీ, వర్తకములలో గడించిన ధనికుడు పందొమ్మిదవ శతాబ్దారంభమున తన ఐదుగురు కుమారులకు ఐదు భవనములు వరుసగా కట్టించెను. రాతిని కొయ్యవలె చెక్కిన ఆ గవాక్షములను ప్రొద్దుటి పూట, జనసమ్మర్దమునకు ముందు చూడవలెను. ఈ పేటలో దిగినవారికి ఆ సదుపాయము కలదు. అమ్మకపు సందడియు, మోటారుసైకిళ్ళ మ్రోతయు ఇక్కడనే యెక్కువ. నిద్ర తేలికైనవారు అమర్‌సాగర్ ద్వారపు టంగడివీథికి దూరముగా, లోపలి సందు గదిని కోరుకొనుట మంచిది.

గడీసర్ వైపు కొంత నిశ్శబ్దము. వేకువను చెరువుగట్టున నిలిచినచో తొలి కిరణములు కోటపై పడుట కనబడును. చెరువు ముఖద్వారమును టీలోన్ అను వేశ్య కట్టించెనట. రాజు దానిని పడగొట్టింప దలచునని యెరిగి, ఆమె ముందుగానే దానిపై శ్రీకృష్ణుని గుడి వెలయించెనని అక్కడివారు ముచ్చటగా చెప్పుదురు. కథ యెట్లున్నను ద్వారము నిలిచియున్నది.

ఊరి వెలుపల, సమ్ బాటమీద పెద్ద హోటళ్ళున్నవి. మోటారు నేరుగా గుమ్మమువరకు పోవును, మెట్లెక్కువ యుండవు, తోటలుండును. వృద్ధులకు అనుకూలమే. కాని ప్రతి చూపునకును బండి కట్టించుకొనవలెను. సాయంకాలము ఊరి గాలి సోకదు. మాకు నచ్చలేదు.

డేరాలు ఊరికి పడమర సుమారు 40 కిలోమీటర్ల దూరమున సమ్ ఇసుకతిన్నెల చెంత నున్నవి; నైరృతిని ఖూరీ గ్రామము వద్దను కొన్ని గలవు. ఒక రాత్రికి చాలును. సమ్ వద్ద లౌడుస్పీకరుల హోరు కొంత సహింపవలెను. ధ్వనియే వృత్తిగా గల మాకే అది మోత యనిపించినది. ఖూరీ కొంత మెరుగు. ఆ ప్రాంతము ఎడారి జాతీయవనమునకు చేరువ. మన రోళ్ళపాడు బీళ్ళలో ఒకప్పుడు తిరిగిన బట్టమేకపిట్ట నేడు ముఖ్యముగా మిగిలియున్నది ఈ జైసల్మేరు సీమలోనే. రాత్రి దీపములు, మోతలు తక్కువగా నుండు డేరాను కోరుకొనుటకు ఇదియు నొక కారణము.

ఒక జాగ్రత్త చెప్పవలెను. రైలు దిగగానే మిక్కిలి చౌక గది యున్నదని చుట్టుముట్టువారు కొందరుందురు. అట్టి చౌక వెనుక తరచుగా ఒంటెస్వారీ బేరము దాగియుండును. స్వారీ వలదన్నచో మరునాటికి గదికి అద్దె మారును. బస ముందుగా మాటాడుకొనునప్పుడే, ఒంటెస్వారీతో ముడి లేదు గదా యని అడిగి నిర్ధారణ చేసికొనుడు. అక్టోబరునుండి మార్చివరకు కాలము మంచిది. జనవరి రాత్రులు వణకించును; మే, జూను నెలలలో వేడి 45 డిగ్రీలు దాటును.

భోజనమునకు వెరవ నక్కరలేదు. కేర్ సాంగ్రీ యను కూర తప్పక రుచి చూడుడు. సాంగ్రీ యనగా ఖేజ్డీ చెట్టు కాయ. ఆ ఖేజ్డీ యే మన జమ్మి. దసరానాడు మనము పూజించు చెట్టు, అక్కడ ఎడారివారికి కూరయు, మేకలకు మేతయు, నీడయు నైనది. తెలంగాణమునకును రాజస్థానమునకును రాష్ట్రవృక్షము అదియే.

వీలైనచో మాంగణియార్ గాయకుల పాట ఏదేని చిన్న బసలో, యంత్రము లేకుండ వినుడు. జైసల్మేరునకు చేరువనున్న హమీరా గ్రామస్థుడు సాకర్‌ఖాన్ కమాయిచా వాద్యమున పేరుమోసినవాడు. 2012లో పద్మశ్రీ పొంది, మరుసటి యేట గతించెను. ఆ వాద్యపు మంద్రస్వరము ఇసుకనేలపై విన్నవారికి, మా పేటికలో వినిపించునది దాని నీడ మాత్రమే యని తెలియును. మా వృత్తికి ఈ మాట నష్టమే యైనను చెప్పక తప్పదు.

ఇక ఉత్తరము వ్రాసిన గృహస్థునకు: మీ అమ్మగారికొరకు కోట దిగువ పేటలో, మొదటి అంతస్తునకు మించని గదిని తీసికొనుడు. మిద్దెపైకి మాత్రము సాయంకాలము ఒకమారు చేయి పట్టుకొని యెక్కింపుడు. కోట చూచు దినమున ఉదయమే బయలుదేరి, ద్వారము ద్వారమునకును కొంతసేపు కూర్చుండబెట్టుచు తీసికొనిపొండు. అరుగులకు కొదువ లేదు. గది కుదుర్చుకొనునప్పుడు మిద్దెనుండి కోట కనబడునా యని అడుగుడు. స్నానమునకు ఒక బకెట్టు నీరు చాలునని కూడ ముందే చెప్పుడు. మా రెండవ బసలోని యింటి ఇల్లాలు ఆ మాట విని మాకు అదనముగా ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి యిచ్చెను.