పింగాణి పన్ను - దాని క్రింది జిగురు

షోలాపురం సాఖర్‌పేట, దాజీపేట వీధులలో తరతరాలుగా స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలకు పోగు ఎందుకు తెగుతుందో చెప్పనక్కరలేదు. పింగాణి పన్ను ఎందుకు పగులుతుందన్నదే మాకు కొత్త ప్రశ్న.

మా ఎరుకలోని ఒక పెద్దమ్మగారు బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బుతో దవడపన్నుకు పింగాణి తొడుగు వేయించుకున్నారు. ఏడాది తిరగకుండానే అది రెండు ముక్కలైంది. "సరుకే నాసిది, అత్తమ్మా!" అన్నది కోడలు. సరుకు నాసిదా, అంటించిన తీరు నాసిదా? ఈ సందేహంతో మేము తెలుసుకున్న నాలుగు సంగతులు పాఠకులకు మనవి చేస్తున్నాము.

పింగాణి నొక్కుడుకు ఓర్చుకుంటుంది గాని సాగుడుకు ఓర్వదు. నమిలే బరువు పైన పడినప్పుడు తొడుగు లోపలివైపు, అనగా జిగురు అంటిన వైపు, సాగుడు పుడుతుంది. అక్కడ కంటికి కనబడని గీతలుంటాయి. పెళుసు వస్తువులు ఇట్టి గీతల నుండే పగులుతాయని ఇంగ్లండులో గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో వివరించాడు.

పాతకాలపు జింకు ఫాస్ఫేటు సిమెంటు సందును నింపి తొడుగును నిలుపుతుందే గాని, పింగాణితో ఏకం కాదు. రెజిన్ సిమెంటు దారి వేరు. పంటి పైపొరను ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ గట్టిగా పట్టుతుందని 1955లో అమెరికాలో బ్యూనోకోర్ చూపాడు. 1980 తర్వాత పింగాణికీ ఆ మార్గమే దొరికింది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో లోపలివైపు గరుకు చేసి, సిలేన్ పూసి అంటిస్తే, రెజిన్ ఆ గీతలలోకి దిగి, గట్టిపడి, వాటి నోరు మూస్తుంది. పడుగుకు గంజి పట్టించడం వంటిదే ఇది. నూలు అదే నూలు. గంజి పట్టిన పోగు మగ్గం మీద నిలుస్తుంది.

జిగురు మధ్య ఖాళీ ఉండరాదు. క్రింద బోలు ఉన్న షాబాదు బండ కాలు పడగానే పగిలినట్లు, తొడుగూ పగులుతుంది. అమెరికాలో మలామెంట్, సోక్రాన్‌స్కీ అనువారు గాజుపింగాణి తొడుగులను 14 ఏండ్లపాటు గమనించి, ఆమ్లంతో గరుకు చేసి అంటించినవే ఎక్కువకాలం నిలిచినవని 1999లో ప్రకటించారు.

అన్ని రకాలకూ ఒకే లెక్క కాదు. మామూలు పింగాణి వంపుబలం 100 మెగాపాస్కళ్ల లోపు. లిథియం డైసిలికేటుకు సుమారు 400. గట్టిరకపు జిర్కోనియాకు 900 పైబడి. బలహీనమైన దానికే జిగురు సాయం ఎక్కువ కావాలి. జిర్కోనియాలో గాజు లేదు గనుక ఆ ఆమ్లం దానిని గరుకు చేయదు. అది సాధారణ సిమెంటుతోనూ నిలువగలదు.

కనుక తొడుగు వేయించుకునేవారు "ఏ రకం పింగాణి? ఏ సిమెంటు?" అని వైద్యుని అడగడానికి మొగమాటపడవద్దు. అంటించే వేళ లాలాజలం తగిలితే రెజిన్ పట్టు చెడుతుంది. నోట దూది పెట్టి కూర్చోబెడితే విసుగుకోవద్దు. ఊడిన తొడుగును బజారు జిగురుతో ఇంట్లో అంటించుకోనేవద్దు. భద్రంగా తీసుకుపోయి చూపించండి.

పెద్దమ్మగారి ముక్కలను మరొక వైద్యుడు పరీక్షించాడు. లోపలివైపు నున్నగా ఉన్నదనీ, సిమెంటు దానిని పట్టనే లేదనీ చెప్పాడు. పింగాణి పలుచనైనా, పళ్లు కొరికే అలవాటున్నా పగలవచ్చుననీ హెచ్చరించాడు. ఈసారి ఆమె ఓపికగా కూర్చుని అంటించుకున్నారు. కడక్ జొన్నరొట్టెను మాత్రం పులుసులో నానబెట్టుకునే తింటున్నారు. అదీ మంచిదే!