హడ్సన్ నది కింద 84 ఫ్యాన్లు

న్యూయార్క్‌కూ న్యూజెర్సీకీ మధ్య హడ్సన్ నది అడుగున మోటారు వాహనాల కోసం సొరంగం తవ్వే పని 1920లో మొదలైంది. నది కింద తవ్వడం కొత్తేమీ కాదు, రైళ్లకు అప్పటికే సొరంగాలున్నాయి. కాకపోతే ఆ రైళ్లు కరెంటుతో నడిచేవి. కార్లు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. సుమారు 2.6 కిలోమీటర్ల గొట్టంలో అది పేరుకుంటే ప్రాణాలకే ముప్పు.

ఒక చివర నుంచి మరో చివరకు గాలి ఊదితే సరిపోదా? అంత గాలి రోడ్డు వెంబడే పారితే లోపల తుఫానే. అందుకే ఇంజనీరు ఓలే సింగ్‌స్టాడ్ గాలిని అడ్డంగా నడిపించాడు. రోడ్డు కింది డక్టులోంచి మంచి గాలి పైకి వస్తుంది, పైకప్పు మీది డక్టులోకి చెడుగాలి పోతుంది.

మరి ఫ్యాన్లు ఎన్ని, ఎలా అమర్చాలి? పక్కపక్కన పెడితే అవి తోసే గాలి కలుస్తుంది. ఒకదాని వెనక ఒకటి పెడితే ఒత్తిడి కలుస్తుంది. అయితే ఈ కూడికలో డక్టుకూ వాటా ఉంది. అదే డక్టులో రెట్టింపు గాలి పారాలంటే ఒత్తిడి నాలుగింతలు, శక్తి ఎనిమిదింతలు కావాలి. కనుక రెండో ఫ్యాన్ తిప్పినంత మాత్రాన గాలి రెట్టింపు కాదు. డక్టు బాగా ఇరుకైతే పక్కన చేర్చిన ఫ్యాన్ దాదాపు దండగ, వెనక చేర్చిందే ఎంతో కొంత నయం. పక్కపక్క అమరికలో ఇంకో చిక్కుంది. ఒక ఫ్యాన్ ఆగితే, దాని దారి మూయకపోతే, రెండోది తోసిన గాలి అందులోంచే వెనక్కి తిరుగుతుంది.

అందుకే ముందు డక్టు సంగతి చూశారు. గాలి రాపిడి ఎంతో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రయోగాలు చేసి కొలిచారు. గాలి నడిచే దూరం తగ్గేలా రెండు తీరాల్లో కలిపి నాలుగు భవనాలు కట్టి, వాటిలో 84 ఫ్యాన్లు పెట్టారు. 42 ఊదేవి, 42 లాగేవి. సుమారు 90 సెకన్లకోసారి సొరంగంలో గాలంతా మారేది. మొదటి ముఖ్య ఇంజనీరు క్లిఫర్డ్ హాలండ్ 1924లోనే కన్నుమూశాడు. 1927 నవంబరులో తెరిచిన సొరంగానికి ఆయన పేరే పెట్టారు.

1949లో లోపల ఒక రసాయనాల లారీ అంటుకుంది. పైకప్పు కొంత మేర కూలినా, లాగే ఫ్యాన్లు పొగను బయటికి తోడాయి. ఫ్యాన్లను జతచేస్తే గాలి లెక్కప్రకారం పెరగకపోవచ్చు. ఒకటి మొరాయించినా పని ఆగకపోవడం మాత్రం వాటి వల్ల దక్కే అసలు లాభం.