“వన్స్‌మోర్” కథ

ఆంగ్లేయుని చెవికి “వన్స్‌మోర్” అనునవి “ఇంకొకసారి” యని అర్థమిచ్చు రెండు చిన్న మాటలు మాత్రమే. నాటకశాలలో పాట నచ్చినచో అతడు “ఆంకోర్” అని ఫ్రెంచి మాటతో కేక వేయును. 1712 నాటికే లండనులో ఈ అలవాటున్నట్లు “స్పెక్టేటర్” పత్రికలోని యొక లేఖ తెలుపుచున్నది. ఫ్రెంచివారో, తమ మాటను విడిచి “బిస్” అని లాటినులో అరతురు! మెచ్చుకోలున కెవరికిని ఇంటిమాట చాలదు కాబోలు.

తెలుగువాడు ఆ రెండు మాటలను కలిపి ఒకే నామవాచకము చేసికొనెను. బహువచనము కూడ తగిలించెను. “ఆ పద్యమునకు మూడు వన్స్‌మోర్లు పడినవి” అన్నచో మైలవరములో ఎవరికైనను బోధపడును, లండనులో బోధపడదు.

మైలవరము పేరెత్తుట ఊరక కాదు. 20వ శతాబ్దపు రెండవ దశకమున అచ్చటి జమీందారుల ప్రాపున నడచిన బాలభారతీ నాటక సమాజము పద్యనాటకమునకు పెట్టినపేరు. యడవల్లి సూర్యనారాయణ వంటి గాయకనటు లందుండిరి. తిరుపతి వేంకటకవుల పాండవనాటకములు, బలిజేపల్లి వారి హరిశ్చంద్ర ఊరూర మ్రోగిన తరమది. రాయబారఘట్టమున వన్స్‌మోర్ వినబడని రాత్రి అరుదు.

అంతకుముందు మనకు మెచ్చుమాటలు లేకపోలేదు. “భళా”, “సెబాసు” ఉన్నవి. కాని అవి కానుకలు, వన్స్‌మోర్ ఆజ్ఞ. కొలువులో ఆడువారిని మరల పాడుమన్నచో ప్రభువే అనవలెను. టిక్కెట్టు కొని నేలపై కూర్చున్నవానికి ఆ అధికారము నిచ్చినది ఈ పరాయిమాటయే యని నా తలపు. దొరల భాషలో అరచుటవలన ఒకింత దొరతనమును అబ్బెనేమో!

దీనిని నిందించినవారు లేకపోలేదు, ఆ నిందలో న్యాయమును కలదు. కాటిలో చంద్రమతి ఒకే శోకమును ముమ్మారు పాడినచో కరుణ మెక్కడ నిలుచును? చచ్చిపడిన పాత్ర లేచి, పద్యము మరల పాడి, మరల చచ్చెనను హాస్యకథ అందరు నెరిగినదే. మైకు లేని దినములలో తెల్లవార్లు పాడు నటుని గొంతు మాట తలచువాడే లేడు. అయినను వన్స్‌మోర్ పడని రాత్రి ఆ నటునికే నిద్రపట్టదు.

ఒక్కటి గమనింపుడు. అది వచనమునకు పడదు, పద్యమునకే పడును. అక్షరము రాని శ్రోతయు, సీసము దాటి ఎత్తుగీతి ఎచ్చట ముగియునో చెవితోనే ఎరిగి, సరిగా అచ్చటనే కేక వేయును.

1932లో “భక్త ప్రహ్లాద”తో తెలుగు టాకీ వచ్చెను. తెరమీది బొమ్మకు గొంతు వచ్చినది గాని చెవులు రాలేదు. పద్యనాటకమాడు తిరునాళ్ళలో మాత్రము, హార్మోనియము శ్రుతి ఆగకముందే, ఆ కేక వెనుక వరుసలనుండి నేటికిని లేచుచునే యున్నది.