సైన్య ‘సహకారం’: ఒక మాట, ఒక పద్దు

సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆ పీరియడుకు నన్ను పంపారు. పాఠం వెల్లస్లీ సైన్య సహకార పద్ధతి. తెలుగు పంతుల్ని కనుక పాఠం కన్నా ముందు మాటకు అర్థం చెప్పాను. సహకారమంటే తోడ్పాటు అన్నాను. వెనక బెంచీ కుర్రవాడు లేచి, “అట్లయితే సార్, తోడ్పడినవాడికి నిజాము డబ్బెందుకు కట్టాడు?” అన్నాడు. ఇంతలో గంట కొట్టారు. ప్రశ్న మాత్రం నాతో ఇంటికి వచ్చింది.

మా ఊరి పేరులోనే దానికి జవాబుంది. సికింద్రాబాదును పాతవాళ్లు లష్కర్ అంటారు. ఆషాఢంలో ఇక్కడ జరిగేవి లష్కర్ బోనాలు. లష్కర్ అంటే సైన్యం. అది నిజాము సొంత సైన్యం కాదు. నిజాము ఖర్చుతో, నిజాము గడ్డమీద దిగిన ఈస్టిండియా కంపెనీ సైన్యం. 1806లో ఈ దండు ప్రదేశానికి అప్పటి నిజాము సికందర్ జా పేరు పెట్టారు. పేరు ఆయనది, ఖర్చు ఆయన రాజ్యానిది, ఆజ్ఞ కంపెనీది.

నిజాం అలీఖాన్ అమాయకంగా ఈ ఒప్పందంలోకి దిగాడనుకోవటం పొరపాటు. 1795లో ఖర్దా వద్ద మరాఠాలు ఆయనను ఓడించినప్పుడు కంపెనీ తటస్థంగా ఊరుకుంది. ఆయన ఫ్రెంచి సేనాని రేమండ్ దళాల మీద ఆధారపడ్డాడు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ సెప్టెంబరు 1న కుదిరిన ఒడంబడిక ప్రకారం ఆరు కంపెనీ పటాలాలు హైదరాబాదు రాజ్యంలో ఉంటాయి, వాటికి నిజాము ఏటా 24,17,100 రూపాయలు చెల్లిస్తాడు. అక్టోబరులోనే ఫ్రెంచి దళాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. నిజాముకున్న రెండో దారి అలా మూసుకుపోయింది.

ఆ చెల్లింపు పేరు సబ్సిడీ. ఇవాళ బియ్యం మీద, ఎరువుల మీద సర్కారు భరించేదాన్ని సబ్సిడీ అంటున్నాం. ఆనాడు సహాయం పొందినవాడు సహాయం చేసినవాడికి చెల్లించింది సబ్సిడీ! తెలుగు పాఠ్యపుస్తకానికి వచ్చేసరికి ఈ లావాదేవీలోని డబ్బు రాలిపోయి ‘సహకారం’ ఒక్కటే మిగిలింది. ‘కిరాయి సైన్యపు ఒడంబడిక’ అని రాసి ఉంటే మా కుర్రవాడికి ఆ సందేహమే వచ్చేది కాదు.

రెండేళ్లు దాటగానే నగదు భూమిగా మారింది. 1800 అక్టోబరు 12 నాటి ఒడంబడికలో పటాలాలు ఎనిమిదయ్యాయి, ఆశ్వికదళాలు చేరాయి. మైసూరు యుద్ధాల ఫలితంగా 1792లోనూ 1799లోనూ నిజాము వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంతభాగం శాశ్వతంగా కంపెనీకి పోయాయి. కంపెనీకి తెలియకుండా ఇతర రాజ్యాలతో సంప్రదింపులు జరపనని కూడా నిజాము మాట ఇచ్చాడు. ఆ సీమకు దత్తమండలాలని పేరు వచ్చింది. దత్తమంటే ఇవ్వబడినది. ఇచ్చిందెవరు, పుచ్చుకున్నదెవరు అన్నది తెలుస్తూనే ఉంది. అక్కడ నాగలి పట్టినవాణ్ణి ఎవరూ అడగలేదు. తొలి ప్రిన్సిపల్ కలెక్టరు మన్రో ఎనభైమంది దాకా ఉన్న పాలెగాళ్లను అణచి, కొందరికి భరణాలు ఏర్పాటు చేశాడు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక తక్షణ కారణం, రద్దయిన అలాంటి భరణంలో తన వాటా దక్కకపోవటమే. 1847లో ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు.

కోస్తా కథ ఇంకా పాతది. 1766లో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కింది సైనిక సహాయపు వాగ్దానం మీద, ఏటేటా కట్టే పేష్కషు మీద. ఆ పేష్కషు ఏమైందో చూడండి. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో నిజాము ఖర్చుతో, ఆంగ్ల అధికారుల చేతికింద మరో సైన్యం పెరిగింది. అదే తర్వాతి హైదరాబాదు కంటింజెంటు. దాని ఖర్చు ఏటా 40 లక్షలకు దరిదాపు. ఖజానా ఖాళీ అయితే పామర్ కంపెనీ నూటికి 25 దాకా వడ్డీకి అప్పిచ్చింది. 1823లో ఆ అప్పు తీర్చటానికి, ఏడాదికి 7 లక్షలు వచ్చే సర్కారుల పేష్కషును కోటీ 16 లక్షలకు పైచిలుకు మొత్తానికి శాశ్వతంగా వదులుకున్నారు. కంటింజెంటు బకాయిలు మళ్లీ పెరిగాయి. 1853లో బేరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ కంపెనీకి అప్పగించారు. 1857లో ఇక్కడి దర్బారు ఆంగ్లేయుల పక్షాన నిలిచాక, 1860లో చివరి రెండూ తిరిగి వచ్చాయి. బేరారు రాలేదు. 1902లో కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. 1918లో ఏడో నిజాముకు ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అని బిరుదు ఇచ్చారు.

ఈ సహాయం ఎవరికీ అందలేదనలేం. అసఫ్ జాహీ సింహాసనం 1948 దాకా నిలిచింది కదా! సహాయం సింహాసనానికి అందింది, పద్దు మాత్రం శిస్తు కట్టేవాడి పేర రాశారు.

రాజుల కాలం పోయాక కూడా ఈ పద్దు పద్ధతి పూర్తిగా పోలేదు. 1954 ఒప్పందంతో పాకిస్తానుకు అమెరికా ఆయుధాలు వచ్చాయి. 1965 యుద్ధంలో అమెరికా సరఫరా ఆపేసరికి, ట్యాంకు ఎవరిదో, విడిభాగం ఎవరిదో తెలిసివచ్చింది. మనకు 1956 నుంచి పి.ఎల్. 480 గోధుమలు వచ్చాయి. అవి ఆకలి తీర్చాయి, కాదనను. 1965–66 కరువులో మాత్రం జాన్సన్ ఓడలను కొద్దికొద్దిగా వదిలి మన విధానాలకు పగ్గం వేయజూశాడు. గోధుమల కింద మనం కట్టిన రూపాయలు ఇక్కడే అమెరికా ఖాతాలో పేరుకున్నాయి. 1974లో వాటిలో 1,664 కోట్లను వదులుకుంటూ చెక్కు ఇచ్చారు. రచయితలు తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. 1962 నుంచి ఆ రూపాయలతోనే భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా గ్రంథాలయాలకు పంపారు. మన నవలలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ పుస్తకాలు కొన్నవారిని నేను తప్పుపట్టను. ఇక్కడ దొరకని తెలుగు ప్రతి అక్కడ దొరికిందంటే సంతోషిస్తాను, కాస్త సిగ్గుపడతాను.

దత్తమండలాలన్న పేరును మాత్రం ఒక తెలుగు పండితుడే మార్పించాడు. 1928 నవంబరులో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించారు. సభ ఒప్పుకుంది, ప్రజలూ పత్రికలూ వాడుకలోకి తెచ్చారు. సినిమా వ్యాపారంలో మాత్రం పాత పేరే నిలిచింది. కొత్త సినిమా వచ్చిన వారంలో మా కుర్రవాళ్లు నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత అని వసూళ్ల లెక్కలు చెప్పుకుంటుంటారు. ఆ వెనక బెంచీవాడు మొన్న వరండాలో నన్ను ఆపి, సీడెడ్ అంటే ఏ ఊరు సార్ అని అడిగాడు.