ప్రకటనకు తొలి రూపాయి వెచ్చించే ముందు

మండల కేంద్రాలలో దుకాణం నడుపుకొనే వ్యాపారస్తులలో ప్రకటనల విషయమై రెండు రకాల అభిప్రాయాలు కనిపిస్తూ ఉంటాయి. సరకు మంచిదైతే కొనేవారు వెతుక్కుంటూ వస్తారు, ప్రకటన దండగ అన్నది మొదటిది. ఎదుటి దుకాణం వారు ఫ్లెక్సీ కట్టించారు కనుక మనమూ కట్టించాలన్నది రెండవది. ఈ రెండింటిలోనూ లోపించినది లెక్క. సరకు కొనేటప్పుడు పైసాతో సహా బేరమాడే వ్యాపారి, ప్రకటనకు వచ్చేసరికి ఎంత పెడితే ఎంత తిరిగి వస్తుందన్న ప్రశ్న వేసుకోకపోవడం ఆశ్చర్యకరమే.

బ్యాటరీ స్ప్రేయర్లు అమ్మే ఒక దుకాణదారుని ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కొక్కటి 3,000 రూపాయలకు అమ్మగా, కొన్న ధర, రవాణా, గ్యారంటీ కాలంలో చేసిపెట్టే మరమ్మతుల ఖర్చు పోను 400 రూపాయలు మిగులుతున్నవనుకుందాం. ఆయన ఐదు వేల కరపత్రాలు అచ్చు వేయించి, దినపత్రికలలో పెట్టించి పంచడానికి, రెండు రోజులు ఆటోకు మైకు కట్టి తిప్పడానికి మొత్తం 6,000 రూపాయలు వెచ్చించారు. ఆ వారంలో 30 స్ప్రేయర్లు అమ్ముడుపోయాయి. 90,000 రూపాయల వ్యాపారం జరిగింది కదా అని సంతోషించడం సహజం. అయితే ఆ అదనులో ప్రకటన లేకున్నా 20 అమ్ముడుపోయేవే. కనుక ప్రకటన తెచ్చిపెట్టినవి పది మాత్రమే. వాటిపై మిగిలినది 4,000 రూపాయలు. అనగా 2,000 రూపాయలు చేతినుండి పోయినట్లు. పెట్టిన ఖర్చు తిరిగి రావడానికే 15 స్ప్రేయర్లు అదనంగా అమ్ముడుపోవలసి ఉంది.

ఆ కొత్తవారు మరల నాజిళ్లకు, బ్యాటరీలకు మీ దుకాణానికే వస్తే లెక్క మారుతుంది, నిజమే. కాని ఎందరు తిరిగి వచ్చారో వ్రాసి ఉంచుకున్నవారే ఆ మాట అనగలరు.

ఇక అరువు సంగతి. ప్రకటన కొత్త ముఖాలను తెస్తుంది. ఆ పదిమందిలో నలుగురు పంట చేతికి వచ్చాక ఇస్తామంటే 12,000 రూపాయలు వారి వద్ద నిలిచిపోతాయి. పాత ఖాతాదారుల మాట తీరు మీకు తెలుసు, కొత్తవారిది తెలియదు. ఈ లోపు క్యాష్ క్రెడిట్ ఖాతాపై వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అందువలన కరపత్రం మీద ధరతో పాటు నగదుకు మాత్రమే అన్న మాటను కూడా స్పష్టంగా వేయించడం మేలు. ఆ మాట చూసి రానివారు రాకపోవడమే మంచిది.

సరకు దుకాణంలో దిగకముందే ప్రచారం మొదలుపెట్టడం మరొక పొరపాటు. ఒక పంపుసెట్ల డీలరు తగ్గింపు ధర ప్రకటించి మూడు మండలాలలో మైకు తిప్పించారు. పంపిణీదారు నుండి రావలసిన సరకు మాత్రం పన్నెండు రోజులు ఆలస్యమైంది. వచ్చిన రైతులు కాసేపు కూర్చొని, లేచి, వీధి దాటి ఎదుటి దుకాణంలో కొనుక్కొని వెళ్లారు. ఈయన సొమ్ముతో ఆయనకు ప్రచారం జరిగింది!

ఏ మార్గంతో ఆరంభించాలన్నది తరువాతి ప్రశ్న. ఒకేసారి నాలుగు విధాల ప్రకటనలు ఇస్తే ఏది పనిచేసిందో ఎన్నటికీ తేలదు. ఒక్కటి ఎన్నుకొని, అది తేలిన పిమ్మటే రెండవదానికి వెళ్లాలి. గోడ మీది వ్రాత చాలాకాలం నిలుస్తుంది కనుక దుకాణం పేరుకు, ఫోను నంబరుకు తగినది. మారిపోయే ధరలకు తగదు. మైకు ప్రచారం ఫలానా తేదీన జరిగే అమ్మకానికి అనువైనది. కరపత్రాలకు ఒక చిన్న ఉపాయం ఉన్నది. ఊరికొక అక్షరం చొప్పున మూలన వేయించి, కరపత్రం తెచ్చినవారికి ఒక నాజిలు ఉచితమని ప్రకటించండి. వారం తిరిగేసరికి ఏ ఊరు స్పందించిందో మీ బల్లమీది కాగితాలే చెబుతాయి. కరపత్రం తేని ప్రతి వారిని, దుకాణం సంగతి ఎలా తెలిసిందండీ అని అడిగి నోటు పుస్తకంలో ఒక గీత గీయాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు, అయినా చేసేవారు అరుదు.

ఫేస్‌బుక్, గూగుల్ ప్రకటనలు నేడు చిన్న వ్యాపారికీ అందుబాటులో ఉన్నాయి. రోజుకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని పరిమితి పెట్టుకోవచ్చు, నచ్చకపోతే ఆపివేయవచ్చు. కాని దుకాణం చుట్టూ ఎన్ని కిలోమీటర్ల వరకు కనిపించాలో నిర్ణయించడం మరువరాదు. కర్నూలు జిల్లాలోని దుకాణం ప్రకటనను శ్రీకాకుళంలో వేయిమంది మెచ్చుకున్నా స్ప్రేయరు కదలదు. లెక్కించవలసినవి లైకులు కావు, వచ్చిన ఫోను కాల్స్, అమ్మకాలు. ఈ ప్రకటనలపై 18 శాతం జి.ఎస్.టి. కూడా ఉంటుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి ఆ పన్నును తిరిగి జమ చేసుకోలేరు కనుక దానిని ఖర్చులోనే కలుపుకోవాలి. గూగుల్ పటంలో దుకాణం పేరు, వేళలు నమోదు చేసుకోవడం మాత్రం ఉచితం; ముందుగా ఆ పని చేయండి.

చట్టపరమైన హద్దులను కూడా గమనించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మైకు వాడకానికి అనుమతి అవసరం. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాడరాదు. తప్పుదారి పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద చర్య తీసుకోవచ్చు. పచ్చళ్లు, పిండివంటలు అమ్మే మహిళా సంఘాల వారు 2006 నాటి ఆహార భద్రతా చట్టాన్ని గుర్తుంచుకోవాలి. అందులో అటువంటి ప్రకటనకు జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉన్నది.

సొమ్ము ఎక్కడిది? బ్యాంకు ఇచ్చిన నిర్వహణ మూలధనం ప్రధానంగా సరకుకు, రావలసిన బాకీలకు ఉద్దేశించినది. తొలి ప్రయత్నం మీ లాభంలో నుండే జరగాలి. పూర్తిగా పోయినా ఆ నెల వాయిదా ఆగని మొత్తమే పెట్టాలి. నిర్మా పొడిని 1969లో అహ్మదాబాదులో ఆరంభించిన కర్సన్‌భాయ్ పటేల్ మొదట సైకిలు మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. దేశమంతా వినిపించిన ఆ ప్రకటన పాట ఆ తరువాతి మాట.

రెండు మూడు ప్రయత్నాల తరువాత ఏ ఖర్చు ఫలిస్తున్నదో మీ నోటు పుస్తకం చూపుతుంది. అప్పుడు పరిమితి పెంచమని కోరుతూ శాఖకు వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్ని, ప్రకటన బిల్లులను వెంట తీసుకురండి. క్షేత్రాధికారికి అవి నోటిమాట కంటే ఎక్కువగా ఉపకరిస్తాయి. అన్నట్లు, కరపత్రం అచ్చుకు వెళ్లే ముందు, ప్రూఫులో ఉన్న ఫోను నంబరుకు మీరే ఒకసారి ఫోను చేసి చూసుకోండి.