వానకాలపు ఉల్లి: చిన్నగడ్డల సేద్యము

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల గ్రామపెద్దలారా! పెరటిలో ఉల్లిని పండించు నొక సులభోపాయమును గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని.

వేసవిలో త్రవ్వి దాచుకొనిన ఉల్లిగడ్డలు వానలు ముదిరినకొలది కుళ్ళును, మొలకెత్తును. కార్తీకము నాటికి వంటయింట ఉల్లి కరవగును. ఆ వేళకు క్రొత్తపంట చేతికి రావలెనన్న నారును నడివానలలో పెంచవలసియుండును. జడివానకు విత్తులు కొట్టుకొనిపోవును. నీరు నిలిచిన మడిలో లేతనారు మొదలు కుళ్ళి పడిపోవును. నారునకు బదులు చిన్నగడ్డను నాటినచో ఈ బాధ లేదు.

చిన్నగడ్డ యనగా ఎదుగనీయక నిలిపిన ఉల్లియే. జనవరి చివరనో, ఫిబ్రవరి మొదటనో చిన్న మడిలో విత్తనమును ఒత్తుగా చల్లవలెను. చోటు చాలమిచే గడ్డ పెరుగదు. వేసవిలో ఆకు వాలగానే పెరికి, ఆకుతోనే కట్టలు కట్టి, గాలియాడు నీడలో వ్రేలాడదీయవలెను.

విత్తనము వానకాలమునకు తగినదై యుండవలెను. ఎన్-53, అగ్రిఫౌండ్ డార్క్ రెడ్ అట్టి రకములు. ఉత్తర ఐరోపావారును చిన్నగడ్డలను నాటుదురు. కాని వారి రకములు గడ్డ కట్టుటకు 14 గంటలకు మించిన పగలు కావలెను. మనయొద్ద మిక్కిలి దీర్ఘమైన పగలు 13 గంటలకు కొంచెమే యెక్కువ. ఆ విత్తనము ఇచట ఆకునే యిచ్చును.

ఇక ముఖ్యవిషయము. పెద్దగడ్డను నాటిన పెద్దపంట వచ్చునని తోచుట సహజము. అది సరికాదు. ఉల్లి మొదట గడ్డకట్టి, పిదప పూయు మొక్క. పెద్దగడ్డకు కూడబెట్టిన బలము మెండు. కావున చలి తగులగానే పూకాడ వేయును, లేదా జంటగా చీలును. రేగుపండంత, అనగా 1.5 మొదలు 2 సెంటీమీటర్ల గడ్డలనే యేరి నాటుడు. పెద్దవానిని కూరకు వాడుకొనుడు.

ఆగస్టులో, చివికిన పెంటయెరువు కలిపిన యెత్తుమడులపై, వరుసకు వరుసకు 15, గడ్డకు గడ్డకు 10 సెంటీమీటర్ల యెడముతో, కొన పైకి కనబడునట్లు నాటవలెను. చల్కనేల మేలు, నల్లరేగడియైనచో మడిని మరింత యెత్తు చేసి, నీరు పోవుటకు కాలువ తీయవలెను.

నవంబరులో గడ్డ యూరును. వానకాలపు పంటకు ఆకు తనంత వాలదు. కొనలు పసుపెక్కగానే తడి ఆపి త్రవ్వుడు. ఈ గడ్డ చిరకాలము నిలువదు. ముందుగా దీనినే వాడుకొనవలెను.

ఈ పని ఆగస్టులో తలచినచో కాదు. జనవరిలో మంచమంత మడి సిద్ధపరచిన యింటనే కార్తీకమున ఉల్లికి కరవుండదని చెప్పి విరమించుచున్నాను.